పేద విద్యార్థి కాగితాలు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కళాశాలల్లో వ్యక్తిగత సమాచార రక్షణ

విశ్వవిద్యాలయంలో సమాచార భద్రత అనగానే చర్చ సర్వర్లు, హ్యాకర్ల మీదికి పోతుంది. ఉత్తర తెలంగాణ పట్టణాల్లో అంతకన్నా ముందు చూడాల్సింది కాగితం నడిచే దారి. నాచుపల్లి జేఎన్టీయూ ఇంజినీరింగ్ కళాశాల, పొలాస వ్యవసాయ కళాశాల, కోరుట్ల పశువైద్య కళాశాల హైదరాబాద్‌లోని విశ్వవిద్యాలయాలవి. జగిత్యాల, సిరిసిల్ల డిగ్రీ కళాశాలలకు పెద్దదిక్కు కరీంనగర్‌లోని శాతవాహన విశ్వవిద్యాలయం. నియమాలు అక్కడ తయారవుతాయి, దరఖాస్తు మాత్రం ఇక్కడి మీసేవలో, నెట్ సెంటర్లో పుడుతుంది. ఈపాస్ ఉపకారవేతనం కోసం కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ అన్నీ జిరాక్సు తీయాలి. సొంతంగా ఫీజు కట్టుకునే విద్యార్థికి తన ఇంటి రాబడి ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసే సిరిసిల్ల కార్మికుని బిడ్డ, బీడీలు చుట్టే కోరుట్ల తల్లి కొడుకు మాత్రం ఇంటి గుట్టంతా కవరులో పెట్టి ఇవ్వాలి. ఎవరి దగ్గర ఎక్కువ అడిగామో వారి సమాచారాన్నే ఎక్కువ కాపాడాలి. నా వాదనకు ఆధారం ఈ అసమానతే.

ఈ బాధ్యతను చట్టం ఎప్పుడో గుర్తించింది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ఆధార్ సంఖ్యలున్న జాబితాలను బహిరంగపరచకూడదని 2016 నిబంధనలే చెబుతున్నాయి; పట్టాల మీద ఆ సంఖ్య ముద్రించవద్దని 2023 సెప్టెంబరులో యూజీసీ విశ్వవిద్యాలయాలకు రాసింది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం భద్రతలో లోపానికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పెట్టింది. అయితే డిజిటల్ రూపంలో ఉన్న, లేదా ఆ రూపంలోకి మార్చిన సమాచారానికే అది వర్తిస్తుంది. గుమస్తా బల్ల మీది జిరాక్సు కట్ట దాని పరిధిలోకి రాదు. అదే కట్టను ఫోన్లో ఫొటో తీసినా, ఎక్సెల్ షీటుగా మార్చి ‘వివరాలు సరిచూసుకోండి’ అంటూ క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టినా పరిధిలోకి వస్తుంది. కానీ అప్పటికే అది అరవై ఫోన్లలోకి చేరి ఉంటుంది. సిబ్బంది పరిస్థితి ఇంకా బలహీనం. ఉద్యోగ అవసరాలకు సమ్మతి లేకుండానే సమాచారం వాడుకునే వీలు ఈ చట్టంలోని ఏడో సెక్షన్ యజమానికి ఇచ్చింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు. హాజరు యంత్రానికి ఇచ్చిన వేలిముద్రను ఒప్పంద అధ్యాపకుడు మార్చుకోలేడు.

చిన్న ఊళ్లో ఒకరి సంగతి ఒకరికి తెలియనిదా అనేవారున్నారు. పక్కింటివాళ్లకు కులం తెలుసు, తండ్రి దుబాయిలో ఉన్నాడనీ తెలుసు. ఖాతా సంఖ్య, ఆధార్, ఫోన్ నంబరు కలిపి తెలియవు. మోసగాడికి కావాల్సింది ఆ కలయికే. పారదర్శకత కోసం లబ్ధిదారుల జాబితా అతికించక తప్పదనే వాదన ఇంతకంటే బరువైనది, ఎందుకంటే బోగస్ పేర్లతో పేదల సొమ్మే పోతుంది. ఆ పారదర్శకతకు హాల్ టికెట్ నంబరు, మంజూరైన మొత్తం సరిపోతాయి. ఆడిట్ కోసం జిరాక్సులు ఉంచాలంటారా, తాళం వేసిన బీరువాలో ఉంచి, ఆడిట్ ముగిశాక రిజిస్టరులో రాసి చింపేయవచ్చు. మొదటి ఎనిమిది అంకెలు కనిపించని ఆధార్ ప్రతిని ఆధార్ జారీచేసే సంస్థ ఉడాయ్ ఉచితంగానే ఇస్తోంది. వీటిలో ఏదీ నిధులు లేవని ఆపాల్సిన పని కాదు. విశ్వవిద్యాలయాలు తమ కళాశాలలన్నిటికీ వచ్చే ప్రవేశాల నోటిఫికేషన్‌తోపాటే ఈ మేరకు ఉత్తర్వు పంపాలి.