ఫీనిక్స్ వేతన వ్యవస్థ: ప్రవేశానంతర సంస్కరణ

ఫీనిక్స్ అనునది కెనడా సమాఖ్య ప్రభుత్వము తన ఉద్యోగుల వేతనములను లెక్కించి చెల్లించుటకై 2016లో ప్రవేశపెట్టిన సాఫ్ట్‌వేరు వ్యవస్థ. పీపుల్‌సాఫ్ట్ అను ఉత్పత్తిని ఐ.బి.ఎం. సంస్థ ప్రభుత్వావసరములకు తగినట్లు మలచి యిచ్చిన యీ వ్యవస్థ, నాలుగు దశాబ్దముల నాటి పాత యంత్రాంగమునకు మారుగా, ఫిబ్రవరి, ఏప్రిల్ నెలలలో రెండు విడతలుగా అమలులోనికి వచ్చి, 101 శాఖలకును సంస్థలకును చెందిన సుమారు 2,90,000 మంది జీతములకు ఆధారమయ్యెను. సాఫ్ట్‌వేరును నెలకొల్పిన పిమ్మట దానిని చక్కదిద్దుట యెంతటి శ్రమయో తెలిసికొనగోరువారికి ఇంతకంటె విపులమైన ఉదాహరణము దొరకుట దుర్లభము.

దోషములకు బీజములు అమలునకు పూర్వమే పడినవి. 80,000కు పైబడిన వేతన నియమములను ఇముడ్చుకొనవలసిన వ్యవస్థనుండి వ్యయమునకు వెఱచి ముఖ్యాంశములు కొన్ని తొలగింపబడెను. ప్రయోగాత్మకముగా నడపి చూడవలసిన ఘట్టము రద్దయ్యెను. శాఖలలో ఉద్యోగుల స్థితిగతులెఱిగి లెక్కలు సరిచూచుచుండిన వేతన సలహాదారులను తప్పించి, పలుశాఖల పనిని న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రమందలి మిరమిషీ కేంద్రమునకు తరలించిరి. 2018లో ఆడిటర్ జనరల్ మైకేల్ ఫెర్గూసన్ దీనిని బుద్ధికందని వైఫల్యముగా వర్ణించెను.

పొరపాటు పుట్టు తీరు గమనింపదగినది. పై అధికారి సెలవుపై పోగా కొన్ని వారములు ఇన్‌చార్జిగా పనిచేసిన ఉద్యోగి కాగితములు ఆలస్యముగా చేరినచో, రెండువారముల కొకసారి పడు జీతములను వెనుకటి తేదీనుండి తిరిగి లెక్కించవలసివచ్చును; ఈలోగా అతడు వేఱొక శాఖకు బదిలీయైనచో, ఆ లెక్క తెమలక, ఒకరికి జీతమే అందకపోవుటయు, మరియొకరికి అధికముగా అందుటయు సంభవించెను. అధికముగా పొందినవారి కష్టము మరింత విచిత్రము: పన్ను కోతపోగా చేతికందినది కొంతయే యైనను, పన్నుతో కూడిన పూర్తి మొత్తమును తిరిగి కట్టవలసివచ్చెడిది. ఈ అన్యాయమును తొలగించుటకు 2019లో ఆదాయపు పన్ను చట్టమునకే సవరణ ప్రతిపాదింపవలసివచ్చినదే కాని, సాఫ్ట్‌వేరులో ఎన్ని మార్పులు చేసినను అది సాధ్యపడెడిది కాదు.

తొలుత ప్రభుత్వము సిబ్బందిని పెంచి, తాత్కాలిక కార్యాలయములు తెరచి, సాఫ్ట్‌వేరులోని లోపములను ఒక్కొక్కటిగా సరిదిద్ద యత్నించినను, పేరుకొనిన ఫైళ్లు తగ్గలేదు. కారణము పని పంపకములో నుండెను. ప్రసూతి సెలవు ఒకరికి, పదోన్నతి వేఱొకరికి, బదిలీ మరియొకరికి అప్పగింపబడుటచే, ఒకే ఉద్యోగి ఫైలు నలుగురి చేతులలో నలుగుచు, ఒకరు సరిచేసిన అంకెను మరియొకరు తెలియక చెఱపుచుండిరి. 2017 డిసెంబరులో కొన్ని శాఖలకు ప్రత్యేక బృందములను కేటాయించి, ఒక ఉద్యోగి ఫైలు తెరచినపుడు అందలి చిక్కులన్నిటిని ఒక్కమారే తేల్చు పద్ధతిని ఆరంభించిరి. 2018 జనవరిలో శిఖరమునందుకొన్న బకాయి ఫైళ్లు, ఈ పద్ధతి క్రమముగా ఇతర శాఖలకు విస్తరించిన కొలదియు తగ్గుముఖము పట్టెను. ఏ గొప్ప సాంకేతిక నవీకరణముకంటెను ఈ సామాన్యమైన మార్పే యెక్కువ మేలు చేసినదనుట అతిశయోక్తి గాదు.

అయినను బకాయిలు పూర్తిగా తీరలేదు. 2018 బడ్జెట్టులోనే మరియొక వ్యవస్థను వెదకు యత్నము ప్రకటింపబడి, తరువాతి కాలమున డేఫోర్స్ అను ఉత్పత్తి పరీక్షింపబడెను. క్రొత్తదానికి మారుటకు పాత ఫైళ్లలోని తప్పులను ముందుగా తేల్చుటయేగాక, ఆ వేల నియమములను కుదించుటయు అవసరము. అందలి పెక్కు నియమములు ఉద్యోగసంఘములతో కుదిరిన ఒప్పందములనుండి పుట్టినవగుటచే, వానిని సరళీకరించు పని ఇంజనీర్లతో తెమలక చర్చల బల్లకు చేరవలసియున్నది.