సబ్‌ప్లాన్ లెక్కను ఎలా చదవాలి?

ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ ప్రభుత్వం దయతో ఇచ్చే సంక్షేమ పథకం కాదు. ప్రభుత్వ నిధుల్లో దళితులకు, ఆదివాసీలకు జనాభా నిష్పత్తిలో రావలసిన వాటా. చదువు, భూమి, ఇల్లు, తాగునీరు, ఉపాధిలో మిగతా సమాజంతో ఉన్న అంతరాన్ని పూడ్చడం దాని పని. ఎవరినీ వెనక వదిలెయ్యకూడదన్న సుస్థిర అభివృద్ధి సూత్రం మన బడ్జెట్‌లో ఎంతవరకు అమలవుతోందో తేల్చేది ఈ లెక్కే.

చట్టం ఎందుకు వచ్చింది?

ఐదో పంచవర్ష ప్రణాళికలో గిరిజన ఉప ప్రణాళిక, 1979-80లో షెడ్యూల్డ్ కులాల స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్ మొదలయ్యాయి. రెండోదాని రూపకల్పనలో ఐఏఎస్ అధికారి పి.ఎస్.కృష్ణన్‌ది కీలక పాత్ర. అయితే ఇవి ఉత్తర్వులుగానే మిగిలాయి. నిధులు మురిగిపోయేవి, లేదా దారి మళ్లేవి. ఢిల్లీలో ఎస్సీల నిధులు వందల కోట్ల రూపాయలు 2010 కామన్వెల్త్ క్రీడల పనులకు మళ్లాయి. దళిత, ఆదివాసీ సంఘాల పోరాటంతో 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలోనే తొలి సబ్‌ప్లాన్ చట్టం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో దాని గడువును 2023లో మరో పదేళ్లు పొడిగించారు. తెలంగాణలో 2017 నుంచి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. ఒక ఏడాది ఖర్చు కాని మేరకు మరుసటి ఏడాది భర్తీ చేయాలని అది చెబుతుంది.

చిల్లు ఎక్కడుంది?

ఎస్సీ, ఎస్టీ వ్యక్తులకు, కుటుంబాలకు, వాడలకు నేరుగా, లెక్కించదగిన మేలు చేసే పథకాలే సబ్‌ప్లాన్‌లో ఉండాలన్నది 2013 చట్టం మూలసూత్రం. అదే చట్టం విభజించడానికి వీలుకాని పెద్ద నిర్మాణాల ఖర్చులో కొంత భాగాన్ని కూడా ఈ పద్దులో చూపనిస్తుంది. ఉదాహరణకు ఊరి బయట వంద కోట్లతో రోడ్డు వేసి, దళితులూ ఆ దారినే నడుస్తారంటూ కొన్ని కోట్లు వారి ఖాతాలో రాయవచ్చు. వాడలో మురుగుకాలువ కూడా రాదు, కాగితం మీద వాటా మాత్రం నిండుతుంది. కర్ణాటక చట్టంలో ఇలాంటి వెసులుబాటే ఇచ్చిన 7డి సెక్షన్‌ను 2023లో రద్దు చేశారు.

రెండో లోపం పాలనా సామర్థ్యానిది. ప్రణాళికలను సమన్వయం చేయాల్సింది సాంఘిక, గిరిజన సంక్షేమ శాఖలు. నిధులు విడుదల చేసేది ఆర్థిక శాఖ. రోడ్లు, నీటిపారుదల వంటి పెద్ద శాఖలను నిలదీసే అధికారం, సిబ్బంది నోడల్ శాఖకు లేకపోతే ప్రణాళిక కింది నుంచి తయారుకాదు. ఉన్న పథకాల ఖర్చునే శాతాలుగా కోసి పంచుతారు.

ఏం అడగాలి?

బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం మూడూ వేర్వేరు. పత్రికల్లో పతాక శీర్షికయ్యేది మొదటిది. బడ్జెట్ పుస్తకంలో వాస్తవ వ్యయం కనిపించేది రెండేళ్ల తర్వాత. అందుకే ఏడాది మధ్యలోనే సమాచార హక్కు కింద ప్రతి శాఖనూ ఇవి అడగాలి:

- విడుదలైందెంత, ఖర్చయిందెంత, పెండింగ్ బిల్లులెన్ని?
- నేరుగా లబ్ధి ఇచ్చే పథకాలకెంత, ఉమ్మడి పనుల వాటాగా చూపిందెంత?
- ఏ మండలంలో, ఏ వాడలో, ఏ తండాలో, ఎంతమందికి అందింది?
- గత ఏడాది మిగులును భర్తీ చేశారా?

మూడో ప్రశ్నకు జవాబు రాకపోతే, ఆ కేటాయింపు అంకెగానే ఉందని అర్థం. గ్రామసభలో, జిల్లా సమీక్షలో, అసెంబ్లీ సమావేశాలకు ముందు మన చేతిలో ఉండాల్సింది ఆ జాబితానే.