హైదరాబాదులో విదేశీ విద్యార్థుల బ్యాంకు ఖాతాలు

హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఇఫ్లూగా పిలువబడే ఆంగ్ల మరియు విదేశీ భాషల విశ్వవిద్యాలయం మొదలైన సంస్థలలో చదువుకొనుటకు వచ్చే ఇతర దేశాల పౌరులు ఇక్కడి బ్యాంకు శాఖలలో ప్రత్యేక నిబంధనలకు లోబడి ఖాతాలు తెరుస్తారు. ఈ ఖాతాలకు పాస్‌పోర్టు ప్రధానమైన ఆధారము. విద్యార్థి స్వదేశానికి చెందిన రాయబార కార్యాలయం ఇచ్చే లేఖ చిరునామా నిరూపణకు మాత్రమే ఉపయోగపడుతుంది. అమెరికాలోని కొన్ని బ్యాంకులలో వలె కాన్సులర్ గుర్తింపు కార్డును చూపి ఖాతా తెరిచే పద్ధతి భారతదేశంలో లేదు.

నేపథ్యము

ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని 1918లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ స్థాపించాడు. దీని ప్రాంగణం తార్నాక, అడిక్‌మెట్, విద్యానగర్ ప్రాంతాల నడుమ విస్తరించి ఉన్నది. సమీపంలోనే ఉన్న ఇఫ్లూ 1958లో ఆంగ్ల బోధనా సంస్థగా ప్రారంభమై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది. ఇరాన్, యెమెన్, సూడాన్, ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్, నేపాల్ మొదలైన దేశాల విద్యార్థులు ఈ సంస్థలలో చదివారు. వసతి గృహాలలో చోటు లభించనివారు తార్నాక, లాలాగూడ, హబ్సిగూడ వంటి చుట్టుప్రక్కల ప్రాంతాలలో అద్దె ఇళ్ళలో నివసిస్తారు.

ఉస్మానియా ప్రాంగణంలో చాలాకాలం పాటు స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ శాఖ ఉండేది. 1941లో నిజాం పాలనలో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు అనే పేరుతో మొదలైన ఈ బ్యాంకు 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమైనది.

ఖాతా ఆవశ్యకత

ఇంటినుండి వచ్చే సొమ్ము అందుకొనుటకు, రుసుములు, అద్దె చెల్లించుటకు విద్యార్థికి స్థానిక ఖాతా అవసరము. 1950లో ఏర్పడిన భారతీయ సాంస్కృతిక సంబంధాల మండలి ఇచ్చే ఉపకార వేతనం పొందేవారికి నెలసరి భృతి కూడా ఖాతా ద్వారానే అందుతుంది.

క్రొత్తగా వచ్చిన విద్యార్థికి ఎదురయ్యే చిక్కు గుర్తింపుకు సంబంధించినది కాదు, చిరునామాకు సంబంధించినది. అతడెవరో పాస్‌పోర్టు చెబుతుంది. ఎక్కడ ఉంటున్నాడో చెప్పదు. బ్యాంకు స్థానిక చిరునామాకు ఆధారం అడుగుతుంది. చిరునామా కావాలంటే గది దొరకాలి. గదికి ముందుగా సొమ్ము చెల్లించాలి. ఆ సొమ్ము స్వదేశం నుండి రావాలంటే ఖాతా ఉండాలి. పైగా విదేశీయునికి వసతి ఇచ్చినవారు ఆ సంగతిని 24 గంటలలోగా అధికారులకు ఫారం-సి ద్వారా తెలియజేయవలసి ఉన్నది. ఈ బాధ్యతకు వెనుకాడి కొందరు యజమానులు అద్దె ఒప్పందం వ్రాసి ఇవ్వడానికి ఇష్టపడరు.

ఖాతా రకము

విదేశీ మారక నిర్వహణ చట్టం, 1999 ప్రకారం చదువు కొరకు వచ్చిన విదేశీయునికి నాన్ రెసిడెంట్ ఆర్డినరీ ఖాతా తెరుస్తారు. దీనినే క్లుప్తంగా ఎన్.ఆర్.ఓ. ఖాతా అంటారు. విదేశాలలో స్థిరపడిన భారతీయులు స్వదేశంలోని ఆదాయాన్ని జమ చేసుకొనే ఖాతా కూడా ఈ రకమైనదే.

కావలసిన పత్రాలు

ఖాతాదారుని వివరాలు సరిచూసుకొనే కె.వై.సి. విధానంపై భారతీయ రిజర్వు బ్యాంకు 2016 ఫిబ్రవరి 25న ప్రధాన ఆదేశాలు వెలువరించింది. బ్యాంకులకు సంబంధించిన ఆదేశాలన్నిటినీ 2025 నవంబరులో క్రోడీకరించి తిరిగి ప్రకటించింది. 2016 నాటి ఆదేశాలలో విదేశీ విద్యార్థులకు ప్రత్యేకంగా ఒక సరళమైన విధానం పొందుపరచబడినది. దాని ముఖ్యాంశాలు:

* వీసా, ఇమిగ్రేషన్ ముద్ర గల పాస్‌పోర్టు, స్వదేశంలోని గుర్తింపు, చిరునామాల ఆధారము, ఛాయాచిత్రము, భారతదేశంలోని విద్యాసంస్థ ఇచ్చిన ప్రవేశ లేఖ ఆధారంగా ఖాతా తెరువవచ్చును.
* ఖాతా తెరిచిన 30 రోజులలోగా స్థానిక చిరునామాకు తగిన ఆధారం సమర్పించాలి.
* ఈ 30 రోజులలో విదేశాల నుండి 1,000 అమెరికా డాలర్లకు మించి సొమ్ము జమ కారాదు. ఖాతాపై మొత్తం 50,000 రూపాయల పరిమితి ఉంటుంది.
* పాకిస్తాన్ పౌరులైన విద్యార్థులకు రిజర్వు బ్యాంకు ముందస్తు అనుమతి అవసరము.

చిరునామా చిక్కుకు ఈ 30 రోజుల గడువే పరిష్కారము. ముందుగా ఖాతా, ఆ తరువాత చిరునామా అనే క్రమం వలన విద్యార్థికి గది వెతుక్కొనే వ్యవధి లభిస్తుంది. వసతి గృహంలో చేరినవారికి సంస్థ ఇచ్చే ధ్రువపత్రంతో పని సులభమవుతుంది. అయితే ప్రవేశాల కాలంలో రుసుము 50,000 రూపాయలు దాటితే ఈ పరిమితి అడ్డు వస్తుంది.

180 రోజులకు మించిన వీసాపై వచ్చిన విద్యార్థి 14 రోజులలోగా విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. ఈ నమోదుకు పూర్వం 1939 నాటి విదేశీయుల నమోదు చట్టం ఆధారంగా ఉండేది. 2025 సెప్టెంబరు 1 నుండి ఇమిగ్రేషన్ మరియు విదేశీయుల చట్టం, 2025 దాని స్థానంలో అమలులోకి వచ్చింది.

రాయబార కార్యాలయ లేఖ

విదేశీయుని పాస్‌పోర్టులో చిరునామా లేనప్పుడు, అతని దేశపు ప్రభుత్వ శాఖలు జారీచేసిన పత్రాలను, భారతదేశంలోని ఆ దేశ రాయబార కార్యాలయం ఇచ్చిన లేఖను చిరునామాకు ఆధారంగా స్వీకరించవచ్చునని రిజర్వు బ్యాంకు ఆదేశాలలో చేర్చబడినది. ఈ లేఖ పాస్‌పోర్టుకు తోడుగా నిలుస్తుందే గాని దానికి బదులు కాదు.

ఇరాన్ వంటి కొద్ది దేశాలకు మాత్రమే హైదరాబాదులో కాన్సులేటు ఉన్నది. సూడాన్, యెమెన్ వంటి దేశాల విద్యార్థులు సుమారు 1,500 కిలోమీటర్ల దూరంలోని ఢిల్లీని ఆశ్రయించాలి.

లేఖ విలువ దానిని ఇచ్చిన కార్యాలయపు స్థితిపై కూడా ఆధారపడుతుంది. 2021 ఆగస్టులో కాబూల్‌లో ప్రభుత్వం పడిపోయిన తరువాత ఆఫ్ఘన్ విద్యార్థులకు ఇది అనుభవమైనది. ఢిల్లీలోని ఆఫ్ఘన్ రాయబార కార్యాలయం 2023 అక్టోబరు 1న కార్యకలాపాలు నిలిపివేసి, అదే ఏడాది నవంబరులో శాశ్వతంగా మూసివేస్తున్నట్లు ప్రకటించింది. ముంబయి, హైదరాబాదులలోని ఆఫ్ఘన్ కాన్సులేట్లు మాత్రం తమ పౌరులకు సేవలు కొనసాగిస్తామని తెలిపాయి.

నేపాల్, భూటాన్ పౌరులు

ఈ రెండు దేశాల పౌరులకు భారతదేశం రావడానికి వీసా అవసరం లేదు. భూమార్గంలో వచ్చేవారిలో చాలామందికి పాస్‌పోర్టు ఉండదు. అట్టివారు తమ దేశపు పౌరసత్వ ధ్రువపత్రంతో పాటు, భారతదేశంలోని తమ దేశ రాయబార కార్యాలయం 182 రోజులకు మించిన నివాసానికి జారీచేసే, ఛాయాచిత్రం గల గుర్తింపు పత్రాన్ని చూపి ఆధార్ పొందవచ్చును. ఆధార్ ద్వారా బ్యాంకు ఖాతాకు మార్గం ఏర్పడుతుంది. విదేశీ దౌత్య కార్యాలయం ఇచ్చిన గుర్తింపు పత్రం భారతదేశంలో ఖాతాకు దారితీసే సందర్భాలలో ఇది ముఖ్యమైనది.

శరణార్థులు

స్వదేశపు రాయబార కార్యాలయాన్ని ఆశ్రయించలేని శరణార్థులకు ఈ మార్గాలేవీ అందుబాటులో ఉండవు. హైదరాబాదు శివారులోని బాలాపూర్‌లో నివసించే రోహింగ్యాల వద్ద ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డులున్నాయి. 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై భారతదేశం సంతకం చేయలేదు. బ్యాంకులు గుర్తించే అధికారిక పత్రాల జాబితాలో ఈ కార్డు లేదు.

అమెరికాతో పోలిక

మెక్సికో కాన్సులేట్లు 1871 నుండి తమ పౌరులకు మెట్రిక్యులా కాన్సులర్ అనే కార్డు ఇస్తున్నాయి. 2001లో వెల్స్ ఫార్గో బ్యాంకు ఈ కార్డుతో ఖాతాలు తెరవడం ప్రారంభించింది. అదే ఏడాది వచ్చిన పేట్రియాట్ చట్టంలోని 326వ విభాగం క్రింద 2003లో నియమాలు రూపొందాయి. పౌరసత్వాన్ని లేదా నివాసాన్ని తెలిపే, ఛాయాచిత్రం గల ఏ ప్రభుత్వ పత్రాన్నైనా విదేశీయుల విషయంలో స్వీకరించే స్వేచ్ఛను ఈ నియమాలు బ్యాంకులకు ఇచ్చాయి. ఈ కార్డు నమ్మదగినది కాదని 2003 జూన్‌లో ఎఫ్.బి.ఐ. అధికారి అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ఎదుట అభిప్రాయపడినప్పటికీ, ఆర్థిక శాఖ నియమాన్ని మార్చలేదు.

అమెరికా వెళ్ళే తెలుగు విద్యార్థులు సాధారణంగా పాస్‌పోర్టు, వీసా, విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం చూపి ఖాతా తెరుస్తారు. సోషల్ సెక్యూరిటీ సంఖ్య లేనివారికి పై నియమం ప్రకారం పాస్‌పోర్టు సంఖ్య సరిపోతుంది. కాని ఖాతా ఇవ్వాలా వద్దా అనే తుది నిర్ణయం బ్యాంకుదే. తార్నాకకు వచ్చిన సూడాన్ విద్యార్థి ప్రవేశ లేఖ, టెక్సాస్‌కు వెళ్ళిన తెలుగు విద్యార్థి ఐ-20 బ్యాంకులో ఒకే ప్రయోజనాన్ని నెరవేరుస్తాయి.

ఖాతా ముగింపు

చదువు పూర్తి చేసిన విదేశీ విద్యార్థి ఖాతాలో మిగిలిన సొమ్మును స్వదేశానికి పంపుకొనుటకు 2016 నాటి విదేశీ మారక నిబంధనలు వీలు కల్పించాయి.

ఇవి కూడా చూడండి

* ఉస్మానియా విశ్వవిద్యాలయం
* తార్నాక
* లాలాగూడ
* భారతీయ రిజర్వు బ్యాంకు
* ఆధార్
* పాస్‌పోర్టు