పుట్ (ఆంగ్ల పదబంధ క్రియలు)

ఆంగ్ల భాషలో "పుట్" అనే క్రియకు "ఆన్", "ఆఫ్", "ఔట్", "అప్", "డౌన్" వంటి చిన్న పదాలు చేరగా ఏర్పడే క్రియలను పుట్ పదబంధ క్రియలు అంటారు. ఇటువంటి క్రియకు ఆంగ్ల వ్యాకరణంలో "ఫ్రేజల్ వెర్బ్" అని పేరు. "పుట్" అంటే పెట్టు, ఉంచు అని అర్థం. "ఆఫ్" అనే పదానికి విడిగా, దూరంగా అనే అర్థాలున్నాయి. రెండూ కలిసి "పుట్ ఆఫ్" అయినప్పుడు వాయిదా వేయు అనే అర్థం వస్తుంది. విడివిడిగా రెండు పదాలూ తెలిసినవారికి కూడా వాటి కలయిక బోధపడకపోవడమే ఈ క్రియలలోని చిక్కు.

పేరు, చరిత్ర

ఫ్రేజల్ వెర్బ్ అనే పేరు లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో ప్రచురించిన "వర్డ్స్ అండ్ ఇడియమ్స్" అనే గ్రంథంలో కనిపిస్తుంది. ఈ పేరును తనకు సూచించినది ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు సంపాదకుడైన హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్ చెప్పాడు. పేరు కొత్తదైనా ప్రయోగం పాతదే. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికలో, క్రియ వెనుక చిన్న పదం చేర్చి అర్థాన్ని మార్చే ఈ పద్ధతి విదేశీయులకు అన్నిటికంటె ఎక్కువ కష్టం కలిగిస్తుందని గుర్తించాడు. అటువంటి ప్రయోగాలను ప్రత్యేక శ్రద్ధతో సేకరించినట్లు కూడా రాశాడు.

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు మూడవ కూర్పు కోసం జరుగుతున్న సవరణలలో 2007లో "పుట్" అన్నిటికంటె పెద్ద వివరణ గల పదమైంది. 2011లో ఆ స్థానం "రన్" అనే క్రియకు దక్కింది.

సి.కె. ఆగ్డెన్ 1930లో ప్రతిపాదించిన "బేసిక్ ఇంగ్లీష్"లో మొత్తం 850 పదాలుండగా, వాటిలో క్రియలు 18 మాత్రమే. పుట్ వాటిలో ఒకటి. తక్కిన క్రియల పనిని ఇటువంటి కలయికల చేత చేయించవచ్చునని ఆయన ఆలోచన. పదాల సంఖ్య తగ్గిన మాట నిజమే. కాని ప్రతి కలయికనూ మళ్ళీ ఒక కొత్త పదంలాగానే నేర్చుకోవలసి ఉన్నందున, నేర్చుకొనేవారి భారం అంతగా తగ్గిందని చెప్పలేము.

తెలుగు, సంస్కృత భాషలలో పోలికలు

ఈ పద్ధతి తెలుగువారికి పూర్తిగా కొత్తది కాదు. సంస్కృతంలో "హృ" అనే ఒకే ధాతువుకు వేర్వేరు ఉపసర్గలు చేరి ఆహారం, విహారం, సంహారం, పరిహారం అనే పదాలు ఏర్పడ్డాయి. అయితే ఉపసర్గ ధాతువుకు ముందు వస్తుంది, ఆంగ్లంలోని చిన్న పదం క్రియకు తరువాత వస్తుంది.

తెలుగులోని "పెట్టు" అనే క్రియతో పోలిక ఇంకా దగ్గరిది. విడిచిపెట్టు, మొదలుపెట్టు, తగలబెట్టు అన్నప్పుడు ఎవరూ దేనినీ ఎక్కడా పెట్టడం లేదు. "కబుర్లు కట్టిపెట్టు" అంటే మానమని అర్థం. అందులో కట్టడమూ లేదు, పెట్టడమూ లేదు. తెలుగు నేర్చుకొనే విదేశీయునికి ఈ మాట ఎంత వింతగా ఉంటుందో, తెలుగువారికి "పుట్ అప్ విత్" (సహించు) అంత వింతగా ఉంటుంది.

ముఖ్యమైన ప్రయోగాలు

"పుట్ ఆన్" అంటే దుస్తులు, కళ్ళజోడు, చెప్పులు మొదలైనవి ధరించు. దీపం వెలిగించు, బరువు పెరుగు, లేనిది నటించు అనే అర్థాలు కూడా ఉన్నాయి. దీనికి, "వేర్" అనే క్రియకు గల భేదాన్ని గమనించాలి. చొక్కాలో చేయి దూర్చే పని పుట్ ఆన్, ఆ తరువాత రోజంతా దానితో ఉండడం వేర్. తెలుగులో "చొక్కా వేసుకున్నాడు" అనే వాక్యం రెండింటికీ సరిపోతుంది కనుక ఈ భేదం మనవారికి సులభంగా తట్టదు.

"పుట్ ఔట్" అంటే మంటను లేదా దీపాన్ని ఆర్పు. షేక్స్పియర్ నాటకం ఒథెల్లో అయిదవ అంకం రెండవ రంగంలో ఈ క్రియ ఒకే పంక్తిలో రెండు మార్లు వస్తుంది. మొదటిసారి ఆరవలసినది దీపం, రెండవసారి డెస్డిమోనా ప్రాణం. వైద్యుడు రోగిని నాలుక చాపమని చెప్పడానికి వాడేదీ ఈ క్రియనే.

"పుట్ డౌన్"కు కింద పెట్టు, కాగితంపై రాసుకొను, తిరుగుబాటును అణచు, నలుగురిలో కించపరచు అనే అర్థాలున్నాయి. పశువైద్యుని నోట వచ్చినప్పుడు మాత్రం, బాధపడుతున్న జంతువును మందు ఇచ్చి చంపడమని అర్థం. విదేశంలో కుక్కను పెంచుకొనే తెలుగువారు దీనిని పడుకోబెట్టడమని భావించి సరేనంటే, ఆ పొరపాటును దిద్దుకొనే అవకాశమే ఉండదు.

"పుట్ త్రూ" అంటే టెలిఫోనులో వేరొకరితో కలుపు, "పుట్ బై" అంటే డబ్బు వెనకవేయు. "పుట్ అప్"కు గుడారం వేయు, అతిథికి బస ఇచ్చు అనే అర్థాలున్నాయి. దానికే విత్ చేరితే సహించు అని అర్థం మారిపోతుంది.

వాక్యంలో కర్మ స్థానం

కర్మ నామవాచకమైతే దానిని చిన్న పదానికి ముందైనా వెనుకైనా ఉంచవచ్చు. "పుట్ ఆఫ్ ద మీటింగ్", "పుట్ ద మీటింగ్ ఆఫ్" రెండూ సరైనవే. కర్మ సర్వనామమైతే మాత్రం మధ్యలోనే రావాలి. "పుట్ ఇట్ ఆఫ్" అనాలి తప్ప "పుట్ ఆఫ్ ఇట్" అనరాదు. పుట్ అప్ విత్‌కు ఈ నియమం వర్తించదు, దాని కర్మ ఎప్పుడూ చివరనే ఉంటుంది. ఉచ్చారణలో "పుట్ ఇట్ ఆఫ్" అన్నప్పుడు ఊనిక పుట్ మీద కాక ఆఫ్ మీద పడుతుంది.

పుట్ యొక్క భూతకాల రూపం కూడా పుట్ కావడం మరొక చిక్కు. "హి పుట్ ఇట్ ఆఫ్" అనే వాక్యంలో క్రియకు చివర "ఎస్" అక్షరం లేదు కనుకనే అది భూతకాలమని తెలుస్తుంది.

తెలుగువారికి ఎదురయ్యే ఇబ్బందులు

పాఠశాలలో ఆంగ్లం చదివిన తెలుగువారికి పోస్ట్‌పోన్, ఎక్స్‌టింగ్విష్, టాలరేట్ వంటి లాటిన్ మూలం గల పదాలే ఎక్కువ పరిచితం. పరీక్షలకు, దరఖాస్తులకు అవి చాలు. కాని ఆంగ్లం మాతృభాషగా గలవారు ఇంట్లో, వీధిలో వాటికి బదులు పుట్ ఆఫ్, పుట్ ఔట్, పుట్ అప్ విత్ అంటారు. వార్తాపత్రిక సంపాదకీయం చదవగలిగినవారు కూడా పక్కింటివారి మాటలకు తడబడడానికి ఇది ఒక ముఖ్య కారణం. మరొకవైపు "లైటు వేయి" అనే తెలుగు వాక్యాన్ని యథాతథంగా మార్చి "పుట్ ద లైట్" అనడం కూడా వినిపిస్తుంది. అక్కడ ఆన్ తప్పనిసరి.

అభ్యాసం

అక్షరక్రమంలో జాబితాలను వల్లె వేయడం వలన ఈ క్రియలు నిలవవు. 1989లో వెలువడిన కాలిన్స్ కోబిల్డ్ పదబంధ క్రియల నిఘంటువులో చిన్న పదాల అర్థాలను వివరించే ప్రత్యేక సూచిక ఉన్నది. ఆ మార్గం మేలైనది. ఆఫ్‌లో దూరం చేయడం, డౌన్‌లో కిందికి దించడం లేదా అణచడం, అవేలో కంటికి దూరంగా తీసివేయడం అనే భావాలను పట్టుకుంటే చాలా కలయికలు వాటంతట అవే తెలుస్తాయి. పుట్ అప్ విత్ వంటి కొన్ని ఈ దారికి రావు. వాటిని పూర్తి వాక్యంతో, కర్మను సర్వనామంగా ఉంచి నేర్చుకోవలసి ఉంటుంది.