వరసకో మనిషి

మంటకి కాస్త ఎడంగా కూర్చోండర్రా గుంటల్లారా, చలని మరీ దగ్గరికి జరిగితే చొక్కాలంటుకుంటాయి. అమ్మీ, నువ్విందాక ఏటన్నావు? కాలేజీలో ఇరవై లక్షల వరసల ఫైలిస్తే ఎక్సెల్ సగంలో ఆగిపోయిందన్నావు కదూ? ఆ తంటా మాకు పాతదేనే తల్లీ. నేను శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఓ మేడమీద డేటా ఎంట్రీ పనిలో చేరిన నాటికే అది ఉంది.

అంతంత ఫైళ్ళు ఎక్కడివంటావా? 1984 దాకా ఊరి లెక్కంతా కరణం గారి దస్తరంలోనే ఉండేది. ఆ ఏడాది కరణాల పదవులు పోయాయి, 1985లో మండలాలొచ్చాయి. ఆ తరవాత 1990లలో ఇంటింటి సర్వేలని, ఓటర్ల జాబితాలని, పింఛన్లని ఒక్కొక్కటే కంప్యూటర్లోకి ఎక్కడం మొదలయింది. ఇచ్ఛాపురం, సీతంపేట, పాలకొండ, ఎక్కడెక్కడి కాగితాలో గోనె సంచుల్లో వచ్చేవి. మావాళ్ళు షిఫ్టులేసుకుని కొట్టి, మండలానికో టెక్స్ట్ ఫైలు తయారుచేసేవారు. అందులో వరసకో మనిషి. ఊరి కోడు, ఇంటి నంబరు, ఇంటిపేరు, పేరు, తండ్రో భర్తో, వయసు.

లెక్క చూడండి. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లా జనం 27,03,114. విజయనగరం జిల్లా 23,44,474. మనిషికి 200 అక్షరాలు వేసుకున్నా, ఒక్క శ్రీకాకుళానికే 54 కోట్ల అక్షరాలు. 1.44 ఎంబీ ఫ్లాపీల్లో పెడితే 350 దాటతాయి. విండోస్ 95లో నోట్‌ప్యాడ్ 64 కేబీ దాటిన ఫైలు తెరిచేదే కాదు. ఎక్సెల్ 97 వచ్చాక కూడా షీటుకి 65,536 వరసలే పట్టేవి, అంటే మన జిల్లాకి 42 షీట్లు. 2007 నుంచి 10,48,576 చేశారు. ఇప్పటికీ మూడు షీట్లు కావాలి మరి.

అందుకే మా పనంతా ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ ప్రోగ్రాములో. దాని కమాండ్ విండోలో 'అపెండ్ ఫ్రమ్' అని ఫైలు పేరు, చివర 'టైప్ ఎస్‌డీఎఫ్' అని కొడితే ఎక్కీసేది. ఎస్‌డీఎఫ్ అంటే ప్రతి వరసలోనూ ఏ గడి ఎన్నో అక్షరం నుంచి ఎన్నో అక్షరం దాకా అన్నది ముందే కొలిచి పెట్టుకోవడం. ఒక్క అక్షరం జరిగితే వయసొచ్చి పేరులో పడతాది. వరసల్ని తొందరగా వెతకడానికి ఉండే ఇండెక్సులన్నీ ముందు తీసీసి, వరసలన్నీ ఎక్కాక అప్పుడు కట్టాలి. ఇండెక్సు ఉంచి ఎక్కించడమంటే బస్తా గాదెలో పోస్తూ గింజగింజకీ పద్దు రాయడమే. ఇంతలో కరెంటు పోయిందంటే ఆ ఇండెక్సు పాడయి మళ్ళీ మొదటికొచ్చీది.

మా మేడమీద ఓ పెద్దాయన ఉండేవారు. ఆయన దగ్గరో నోటుబుక్కు. సంచి విప్పగానే, ఇంకా కంప్యూటరు ముట్టకముందే, ఏ మండలం నుంచి ఎన్ని పేర్లొచ్చాయో కాగితం చూసి రాసుకునేవారు. మాకది చాదస్తంలా కనిపించేది. ఓసారి విజయనగరం వైపు మండలాల ఫైళ్ళు ఒక్కటిగా కలిపి, కాగితాలతో పాటు వేరే ఊళ్ళోంచి ఎవరో పంపారు. ఎక్కించాం. తెర మీద ఇన్ని రికార్డులు చేరాయని వచ్చింది. తప్పని గానీ, ఏదో ఆగిందని గానీ ఒక్క ముక్క లేదు. పెద్దాయన ఆ అంకె చూసి, నోటుబుక్కు తీసి, "సగం మండలమంత జనం లేరే, ఎటెళ్ళారు?" అన్నారు.

వెతగ్గా వెతగ్గా తేలిందేటంటే, డాస్ కాలంలో 26వ నంబరు అక్షరమని ఒకటుండేది. ఫైలు ఇక్కడితో అయిపోయిందని చెప్పే గుర్తు అది. ఒక ఫైలు మధ్యలో అదెలాగో దూరింది. కలిపేటప్పుడు 'కాపీ' ఆదేశం ఆ గుర్తు చూసి, మిగతాది వదిలీసి తరవాతి ఫైలుకి వెళ్ళిపోయింది. ఫైళ్ళ పేర్లకి ముందు '/బి' అని పెట్టి కలిపితే ఆ గుర్తుని పట్టించుకోకుండా బైటు బైటూ కలుపుతాది. అలా మళ్ళీ కలిపించి, ఆ గుర్తు తుడిచి ఎక్కిస్తే అంకె నోటుబుక్కుతో సరిపోయింది. ఆ నోటుబుక్కు లేకపోతే ఆ సగం మండలం జాబితాలో లేనట్టే ఉండిపోయీది. ఎవరూ అడిగీవారూ కారు. చెప్పకుండా మింగీసే మెషీను కంటే, తప్పని ఆగిపోయే మెషీనే మేలని నేనంటాను.

ఇంకో గొడవ ఇంటి నంబర్లు. మన ఊళ్ళలో డోరు నంబరు 3-14 అని ఉంటాదా? ఎక్సెల్ దాన్ని మార్చి నెలలో ఓ తేదీ అనుకుంటాది. 5-12 కూడా తేదీ అయిపోతాది. ఊరి కోడు 007 అయితే ముందున్న సున్నాలు ఎగరగొట్టీసి 7 చేసీస్తాది. కోడు, డోరు నంబరు, ఫోను నంబరు ఎప్పుడూ అక్షరాలుగానే ఎక్కించాలి అమ్మీ, అంకెలుగా కాదు. ఇక పేర్లు! సింహాచలం అప్పన్న పేరు పెట్టుకున్న అప్పలనాయుళ్ళు, అప్పలస్వాములు, పైడితల్లి పేరు పెట్టుకున్న పైడిరాజులు ఊరికెంతమంది! పేరు గడికి 15 అక్షరాలే ఇస్తే, ఇంగ్లీషులో అప్పల సూర్యనారాయణ చివరి అక్షరాలు తెగిపోతాయి. తండ్రి పేరూ, ఇంటి నంబరూ లేకుండా ఎవరు ఎవరో తేలదు.

తరవాత యాక్సెస్ వచ్చింది. మౌసుతో నొక్కితే చాలు, చూడ్డానికి బాగుండేది. కానీ దాని ఫైలు 2 జీబీ దాటకూడదు. తెలుగులో పేర్లు ఎక్కించడం మొదలయ్యాక ఆ హద్దు తొందరగా వచ్చీసింది. శ్రీకాకుళం అని ఇంగ్లీషులో రాస్తే 10 బైట్లు. తెలుగులో యూటీఎఫ్-8 టెక్స్ట్ ఫైలుకి 30 బైట్లు, యాక్సెస్ లోపల 20. ఇంగ్లీషు అక్షరాలని అది కుదించి పెట్టుకోగలదు, మన అక్షరాలకి ఆ వీలు లేదు. అందుకని జిల్లా మొత్తం ఒక్క ఫైలులో పెట్టకుండా అప్పటి శ్రీకాకుళం 38 మండలాలు, విజయనగరం 34 మండలాలు దేనికది ఎక్కించి, లెక్క సరిచూసి, కంపాక్ట్ చేసి, తరవాత లింకు చేసుకోవడమే దారి.

2006లో ఉపాధి హామీ పథకం మొదటి విడతలో విజయనగరం జిల్లాకొచ్చింది, 2007లో మన శ్రీకాకుళానికి. కూలి డబ్బులు కూడా జాబితా బట్టే. అప్పుడు నేను ఎక్కువ చూసుకున్నది యాక్సెస్ పక్కన తయారుచేసే తప్పుల పట్టిక. ఎక్కించేటప్పుడు ఏ వరసలో ఏ గడి కుదరలేదో అందులో రాసి పెడతాది. చాలామంది దాన్ని చెత్త అనుకుని తుడిచీసేవారు. నేను తెరిచి చూసేవాణ్ణి. వయసు గడిలో అంకెకి బదులు 'సుమారు 70' అని పడిన ఓ ముసలమ్మ వరస అందులో ఉండేది. అసలు వరసలో ఆవిడ వయసు ఖాళీ అయిపోయి ఉండేది. వయసు లేకపోతే వృద్ధాప్య పింఛను జాబితాకి ఆవిడ అందదు.

ఆ పట్టికలోని వరసల్ని పేర్లతో సహా అచ్చు తీసి, మండలాల వారీగా విడగొట్టి, పొద్దున బస్సుకి పంపేవాళ్ళం. అక్కడివాళ్ళు ఇంటికెళ్ళి అడిగి, ఎర్ర ఇంకుతో వయసులు దిద్ది తిరిగి పంపేవారు. వాటిని మళ్ళీ ఫైలుగా చేసేవాళ్ళం కాదు. ఒక్కొక్క పేరూ చదివి, చేత్తోనే ఎక్కించేవాళ్ళం.