తుల్యభాగ: నది మురుగుకాలువ అయిన కథ

ద్రాక్షారామం వచ్చిన యాత్రికుడికి భీమేశ్వరాలయం పక్కన సప్తగోదావరి కోనేరు చూపిస్తారు. సప్తర్షులు తెచ్చిన ఏడు పాయలూ అక్కడ కలిశాయని స్థలపురాణం. ఈ క్షేత్రం మీద శ్రీనాథుడు 15వ శతాబ్దంలో ఒక పురాణమే రచించాడు. ఆ ఏడు పాయల్లో తుల్యభాగ ఒకటి. ఈనాడు సర్కారు కాగితాల్లో దాని పేరు తుల్యభాగ డ్రెయిను. కాటన్ దొర కథ మనకందరికీ తెలుసు. ఈ పేరు మార్పు కథ అడిగేవారు తక్కువ.

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాను కరువునుంచి గట్టెక్కించిన మాట నిజం. దాన్ని కాదనడం చరిత్రకు ద్రోహం. అయితే కంపెనీ ప్రభుత్వం శిస్తు లెక్క చూసుకునే ఆ పనికి డబ్బిచ్చింది. శిస్తు పండిన చేనునుంచి వస్తుంది. చేను తాగి విడిచిన నీటినుంచి రాదు. అందుచేత మెరకన సాగునీటి కాలువలు సాగాయి. పల్లాన వున్న పాత పాయలకు ఆ విడిచిన నీటిని మోసే చాకిరీ మిగిలింది.

తరువాత ఆ నీటిలో రసాయనిక ఎరువులు, పురుగుమందులు, పెరిగిన ఊళ్ల మురుగు, చేపల, రొయ్యల చెరువుల నీరు వచ్చి చేరాయి. వేసవిలో కాలువలు కట్టేశాక మురుగుకాలువల్లో ప్రవాహం సన్నగిల్లి, గుర్రపుడెక్క కింద నీరు కుళ్లుతుంది. మేడ వున్నవాడు శుద్ధినీటి డబ్బా కొనుక్కుంటాడు. గట్టున గుడిసె వేసుకున్న కూలీ గేదెను కడిగేదీ, బట్టలు ఉతికేదీ ఆ నీటిలోనే.

చట్టాలు లేకపోలేదు. 1968లో డెల్టా మురుగు పారుదలకు రాష్ట్రం సెస్సు విధించింది. దాని చూపంతా మునిగే చేలమీదనే. నీటి కాలుష్యానికి 1974లో కేంద్ర చట్టం వచ్చింది. తీరప్రాంతపు రొయ్యల చెరువులపై 1996లో సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు చెప్పింది. 2005లో పార్లమెంటు వేరే చట్టం చేసి వాటికి దారి ఇచ్చింది. 1858 వేసవిలో థేమ్స్ నది కంపు లండనులో పార్లమెంటు కిటికీలదాకా వచ్చేసరికి, కొద్ది వారాల్లోనే మురుగు చట్టం ఆమోదం పొందింది. తుల్యభాగ ఒడ్డున శాసనసభ లేదు మరి!

తుల్యభాగ సాగరసంగమం చొల్లంగి అంటారు. పుష్య బహుళ అమావాస్యనాడు జనం అక్కడికి స్నానానికి తరలివస్తారు. వారు నెత్తిన పోసుకునే ఆ నదీజలంలో తూర్పు డెల్టా చేలూ, చెరువులూ, ఊళ్లూ వాడి వదిలిన నీరు కలిసి వుంది.