స్నానాలగదిలో ధ్వనిముద్రణ

ర్యాప్ సంగీత చరిత్రను వ్రాసేవారు సాధారణంగా 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ రికార్డులు తిప్పిన వేడుకతో ఆరంభిస్తారు. హెర్క్ 1967లో జమైకా నుంచి వలస వచ్చినవాడన్న సంగతిని ఒక్క వాక్యంతో సరిపెడతారు. అది చాలదు.

కింగ్‌స్టన్ నగరంలోని వాటర్‌హౌస్ పేదల వాడ. అక్కడ రేడియోలు బాగుచేసే ఆస్బోర్న్ రడక్, అనగా కింగ్ టబ్బీ, 1970ల ఆరంభంలో తన ఇంట్లోనే ఒక స్టూడియోను అమర్చుకున్నాడు. వాద్యబృందానికి అందులో చోటు లేదు. వాద్యసంగీతం వేరే స్టూడియోల నుంచి టేపులపై వచ్చేది. గొంతును మాత్రం, గాయకుని గదిగా మార్చిన స్నానాలగదిలో ముద్రించేవారు. డైనమిక్ సౌండ్స్ సంస్థ నుంచి కొన్న పాత మిక్సర్‌పై నాలుగు ట్రాకులను కలుపుతూ టబ్బీ గొంతును ఒక క్షణం వినిపించి మాయం చేసేవాడు, చివరి మాటను ప్రతిధ్వనిగా సాగదీసేవాడు. మిశ్రమం చేయడమే ఒక రచన అయింది. అంతకుముందే, పాట తొలగించిన వాద్యంపై లయగా మాటలల్లే యూ రాయ్ టబ్బీ వీధి స్పీకర్ల వద్ద పేరు తెచ్చుకున్నాడు.

జమైకా పలుకుబడికి ర్యాప్ ఋణపడిందన్న వాదనను హెర్క్ ఒక దశలో తోసిపుచ్చాడు. భారీ స్పీకర్ల సంప్రదాయం మాత్రం కింగ్‌స్టన్‌దే. టబ్బీ 1989 ఫిబ్రవరి 6న తన నివాసం ముందే హత్యకు గురయ్యాడు.